గోబర్ గ్యాస్ పెట్టాలా వద్దా? ముందు పేడ తూచండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో గోబర్ గ్యాస్ గురించి అడిగినవే ఎక్కువ కాబట్టి మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసి ఇవే తీసుకున్నాం. పేర్లు వేయలేదు, మండలం మాత్రం వేశాం, పొడుగు ఉత్తరాల్ని కాస్త కుదించాం.

ప్రశ్న: అయ్యా, మాది ఆనందపురం మండలం. రెండు గేదెలు, మూడు జెర్సీ ఆవులు, ఒక నాటావు ఉన్నాయి. ఎకరంన్నర కూరగాయలు, ఎకరం వరి. ఇంట్లో అయిదుగురం. ప్లాంట్లు కట్టించే ఆయన ఒకరు వచ్చి, 10 ఘనమీటర్లది పెట్టుకోండి, వంటకి, పొలంలో మోటారుకి, గడ్డి కోసే మిషనుకి, లైట్లకి అన్నింటికీ అదే సరిపోతుందన్నారు. మా ఇంటావిడేమో రోజూ పేడ కలిపేది నువ్వా నేనా అని అడుగుతోంది. మాకు ఇది పనికొస్తుందా, పెడితే ఎంతది పెట్టాలి?

జవాబు: మీ ఇంటావిడ అడిగిందే అసలు ప్రశ్న, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను. ముందు పేడ లెక్క చూద్దాం.

గేదె రోజుకి సుమారు 15 కిలోలు వేస్తుంది, నాటావు 10 కిలోలు, జెర్సీ ఆ రెండింటికీ మధ్యన, మేత దండిగా ఉంటే గేదెతో సమానంగా. ఈ లెక్కన మీ ఆరు పశువులూ కలిపి 80 కిలోల దాకా వేస్తాయి. ప్లాంటు అమ్మేవాళ్ళు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. మీరు ఆగకండి. మీ ఆవులు పొద్దున్న మేతకెళ్ళి సాయంత్రం వస్తున్నాయా, శాలలోనే కట్టేసి ఉంటున్నాయా అన్నది మీరు రాయలేదు. మేతకి తోలితే పగటి పేడ గట్ల మీదా దారుల్లోనూ పోతుంది, మీ చేతికొచ్చేది రాత్రి వేసినదే, అంటే దాదాపు సగం. అందులోంచి పిడకలకి కొంత, వాకిట్లో కళ్ళాపికి కొంత పోతుంది. ప్రకృతి వ్యవసాయం చేస్తుంటే అదొక వాటా: 200 లీటర్ల ద్రవ జీవామృతానికి 10 కిలోల పేడ చాలు గానీ, ఘన జీవామృతం చేయాలంటే ఒక్కసారికే 100 కిలోలు తీయాలి. ఇవన్నీ పోగా మిగిలేదే గ్యాస్‌కి.

కాబట్టి ఎవరి మాటా వినకుండా, ఈ వ్యాసం మాట కూడా వినకుండా, ఒక వారం పాటు పొద్దున్నా సాయంత్రం శాలలో ఎత్తిన పేడని గమేళాలో వేసి కాటా మీద తూచండి. కాగితం మీద రాసుకోండి. వానాకాలంలో పశువులు శాలలోనే ఉంటాయి, మిగతా రోజుల్లో బయట తిరుగుతాయి అనుకుంటే రెండు కాలాల్లోనూ తూచాలి, తక్కువ వచ్చిన అంకెనే నమ్మాలి.

25 కిలోల పచ్చి పేడకి రోజుకి 1 ఘనమీటరు గ్యాస్ వస్తుంది. మీకు నికరంగా 50 కిలోలు దొరికాయనుకోండి, 2 ఘనమీటర్ల ప్లాంటు మీకు సరైనది. ఆయన చెప్పిన 10 ఘనమీటర్లకి రోజూ 250 కిలోలు కావాలి, అంటే మీ దగ్గర ఉన్నదానికి అయిదింతలు. అంత పెద్ద ప్లాంటు గోతిలో రోజుకి 50 కిలోలు వేస్తే నష్టమేముంది, పెద్దది ఎప్పటికైనా పనికొస్తుంది కదా అంటారేమో, పనికిరాదు. గ్యాస్ చాలినంత చేరదు, ఒత్తిడి రాదు, పొయ్యి మీద మంట నీలంగా లేచినట్టే లేచి పడిపోతుంది, రెండు నెలలకి ఇంట్లో వాళ్ళు విసుగెత్తి సిలిండర్ తెచ్చేసుకుంటారు. ప్లాంటు సైజు పశువుల సంఖ్య చూసి కాదు, చేతికొచ్చే పేడ చూసి నిర్ణయించాలి. రేపు ఇంకో నాలుగు గేదెలు కొంటాం అనే ఆలోచన ఉంటే, కొన్నాక ఇంకొకటి కట్టుకోవచ్చు.

ఇక ఆ గ్యాస్ దేనికి సరిపోతుంది? వంటకి మనిషికి రోజుకి పావు ఘనమీటరు పైచిలుకు పడుతుంది, అయిదుగురికి ఒకటింబావు, ఒకటిన్నర అనుకోండి. మిగిలినదాంతో స్నానానికి నీళ్ళు కాగుతాయి, పశువులకి దాణా ఉడుకుతుంది. 1 ఘనమీటరు గోబర్ గ్యాస్ 430 గ్రాముల సిలిండర్ గ్యాస్ చేసే పని చేస్తుంది కాబట్టి 2 ఘనమీటర్లంటే నెలకి 26 కిలోలు, కాగితం మీద దాదాపు రెండు సిలిండర్లు. అంత పూర్తిగా వాడుకునే ఇల్లు అరుదు, కొన్ని రోజులు గ్యాస్ మిగిలిపోతుంది, చలికాలంలో తగ్గుతుంది, అందుకే లెక్కకి ఒక సిలిండరో ఒకటింబావో తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి 3 సిలిండర్లు మీకు ఉచితంగా వస్తుంటే వాటిని ఆదాలో కలుపుకోకూడదు, అవి ఎలాగూ మీవే. డబ్బు పెట్టి కొనే సిలిండర్లు ఏడాదికి ఎన్ని తగ్గుతాయో వాటి ధరతో, సబ్సిడీ పోగా మీకు పడే ఖర్చుని భాగిస్తే ఎన్నేళ్ళకి తీరుతుందో తెలుస్తుంది. చాలామందికి ఈ లెక్క వేశాక ఉత్సాహం సగానికి పడిపోతుంది, పడనివ్వండి. కట్టెల పొయ్యి మీద వండే ఇల్లయితే మాత్రం పొగ తప్పడం, కట్టెల కోసం తిరగడం తప్పడం డబ్బుల్లోకి రాని లాభాలు, అవి వంట చేసేవాళ్ళకే తెలుస్తాయి.

మోటారు సంగతి మర్చిపోండి. 5 హార్స్‌పవర్ ఇంజను గంట నడవాలంటే 2 ఘనమీటర్ల పైనే గ్యాస్ కావాలి, అంటే మీ ఇంటి రోజంతటి గ్యాస్ గంటలోపే హారతి కర్పూరం. మన రాష్ట్రంలో వ్యవసాయ మోటార్లకి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు ఉండగా దాని కోసం ఇంజను కొని, దానికి ఆయిలు మార్చి, గ్యాస్ శుద్ధి చేసుకుంటూ కూర్చోవడం నాకైతే అర్థం లేని పని అనిపిస్తుంది.

మరి ఎందుకు పెట్టాలి అంటారా? మీకు ఎకరంన్నర కూరగాయలున్నాయి చూశారా, అందుకు. ఏ ప్లాంటు అయినా గ్యాస్‌తో సగమే గిట్టుబాటు అవుతుంది, మిగతా సగం బయటికొచ్చే స్లర్రీలో, అంటే మాగిన పేడనీళ్ళలో ఉంది. గెత్తం కుప్ప ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిసి పొలానికి చేరేసరికి నత్రజని చాలా వరకు ఆవిరైపోతుంది, కారిపోతుంది. మూసిన గోతిలో మాగిన పేడలో అది నిలుస్తుంది, పైగా మొక్క త్వరగా తీసుకునే రూపంలోకి మారుతుంది. పేడలో ఉన్న గడ్డి విత్తనాలు చాలా మటుకు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి కాబట్టి కలుపు కూలీ కూడా కొంత తగ్గుతుంది. 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్ళు పోస్తే రోజూ అటు నుంచి దాదాపు 100 లీటర్ల స్లర్రీ వస్తుంది. దాన్ని కాలువ నీటితో కలిపి వంగ, బెండ మళ్ళకి పారించవచ్చు. పారించే పని లేని రోజుల్లో పక్కన రెండు గుంతలు తీసి, ఎండాకులు, ఎండుగడ్డి, చెరకు ఆకు పరిచి వాటి మీద పోస్తే అదంతా పీల్చుకుని మంచి కంపోస్టు అవుతుంది. ఎండలో పలచగా ఆరబోసి బస్తాలకెత్తే అలవాటు కొందరికి ఉంది, అలా చేస్తే దాచుకున్న నత్రజనిని చేతులారా గాల్లోకి వదిలినట్టే.

ఇప్పుడు మీ ఇంటావిడ ప్రశ్న. రోజూ పేడ తెచ్చి, అందులో గడ్డిపరకలు, రాళ్ళు, ఇసుక ఏరి, సమానంగా నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలిపి లోపలికి వదలాలి. పెద్ద పనేం కాదు, కానీ పండగకీ పెళ్ళికీ సెలవు లేదు. మగవాళ్ళు ప్లాంటు కట్టించి ప్రారంభోత్సవం ఫోటో దిగి, కలిపే పని ఆడవాళ్ళకి వదిలేసిన ఇళ్ళలోనే ప్లాంట్లు ముందు మూతపడతాయని నా గట్టి అనుమానం. మీరిద్దరూ దీని మీద ముందే ఒప్పందానికి రాకపోతే కట్టొద్దు. నీళ్ళ సంగతి కూడా చూడండి: మే నెలలో మీ బోరు పరిస్థితి ఏంటి? నీటి ఎద్దడి ఉంటే పశువుల మూత్రాన్ని పట్టి కొంత వరకు నీళ్ళకి బదులు వాడవచ్చు.

చోటు విషయంలో రెండు మాటలు. శాలకీ వంటింటికీ మధ్య ఉండాలి, గొట్టం పొడుగయ్యేకొద్దీ ఒత్తిడి పోతుంది. ఎండ పడాలి, పక్కన పెద్ద చెట్టు ఉండకూడదు, వేళ్ళు గోడని చీలుస్తాయి. తాగే నీటి బావికీ బోరుకీ కనీసం 10 నుంచి 15 మీటర్ల దూరం వదలండి. మొదటిసారి నింపడానికి 2 టన్నుల దాకా పేడ కావాలి, చుట్టుపక్కల వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. నింపాక రెండు మూడు వారాలకి వచ్చే తొలి గ్యాస్ మండదు, అందులో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దాన్ని వదిలేయాలి. ప్లాంటు పాడైందని టెన్షన్ పడి మేస్త్రీకి ఫోన్ చేయక్కర్లేదు. ఇంట్లో ఉన్న సిలిండర్ పొయ్యి దీనికి సరిగా పనిచేయదు, గోబర్ గ్యాస్ పొయ్యి వేరే తీసుకోవాలి.

ప్రశ్న: పెందుర్తి దగ్గర మాది. రెండు నాటావులే ఉన్నాయి. చిన్నది, 1 ఘనమీటరుది పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ శాలలోనే ఉండి, వాకిట కళ్ళాపికి కూడా తీయకుండా పేడంతా గోతిలో వేస్తేనే 20 కిలోలు, అంటే 1 ఘనమీటరుకి కూడా చాలదు. ఒక ఆవు వట్టిపోయిందని అమ్మేస్తే ప్లాంటు ఆగిపోతుంది. వంటింటి వ్యర్థాలు, గంజి, కూరగాయల తొక్కలు కొద్దికొద్దిగా కలిపితే కొంత కూడుతుంది గానీ, ఒకేసారి ఎక్కువ వేస్తే లోపల పులిసిపోయి గ్యాస్ ఆగుతుంది. నన్నడిగితే వద్దు. ఆ పేడతో వర్మీ కంపోస్టు చేసుకోండి.

ప్రశ్న: సార్, మాది భీమిలి వైపు. 40 గేదెల డెయిరీ. చుట్టూ ప్లాట్లు వచ్చేశాయి, వాసన అని, ఈగలని రోజూ గొడవ. పేడ తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఒకరోజు వస్తే రెండు రోజులు రారు. గ్యాస్ ప్లాంటు పెట్టి కరెంటు తీసి డెయిరీ నడుపుకోవాలనుంది. మిగిలిన గ్యాస్ సిలిండర్లలో నింపి అమ్ముకోవచ్చా?

జవాబు: మీ దగ్గర పేడకి కొరత లేదు, గేదెలన్నీ కట్టేసే ఉంటాయి, 600 కిలోలు రోజూ ఒకే కప్పు కింద పడుతుంది. 24 ఘనమీటర్ల గ్యాస్. ఈ శీర్షికకి ఉత్తరం రాసిన వాళ్ళందరిలో పేడ లెక్క తేలిగ్గా తేలింది మీకే, ఇబ్బంది వేరే చోట ఉంది.

మీ శాల ఎలా కడుగుతున్నారు? పైపు పెట్టి పేడనీ మూత్రాన్నీ కలిపి కాలువలోకి కొట్టేస్తుంటే, ఆ పలచటి నీళ్ళని ప్లాంటులోకి వదలలేరు. 600 కిలోల పేడకి 600 లీటర్ల నీళ్ళు చాలు, పైపుతో కడిగితే అయిదారు వేల లీటర్లవుతుంది, అంత నీటికి తగ్గ గొయ్యి కట్టాలంటే మీ స్థలం చాలదు, కట్టినా పేడ మాగేలోపే అవతలికి కొట్టుకుపోతుంది. పేడకి లోపల కనీసం 30, 40 రోజులు ఉండే వీలు కావాలి. కాబట్టి ముందు పారతో పేడ పొడిగా ఎత్తించి, తర్వాత కడిగించండి. కడిగే నీళ్ళు విడిగా పోవాలి. ఫినాయిలు, బ్లీచింగ్ వాడిన నీళ్ళు ప్లాంటులోకి వెళ్తే లోపల గ్యాస్ చేసే సూక్ష్మజీవులు చస్తాయి. పొదుగువాపుకి ఇంజెక్షన్లు వేసిన గేదె పేడ కూడా ఆ నాలుగు రోజులు పక్కన వేయించండి.

కరెంటు లెక్క వినండి. 1 ఘనమీటరుకి ఒకటిన్నర యూనిట్లు అనుకుంటే మొత్తం గ్యాస్ కాల్చినా రోజుకి 36 యూనిట్లు. దీనికి గ్యాస్ ఇంజను, జనరేటర్ కావాలి, అంతకన్నా ముందు గ్యాస్‌లో ఉండే కుళ్ళిన గుడ్డు వాసన వాయువుని, అదే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసేయాలి. లేకపోతే ఇంజను లోపలి భాగాలు తినేస్తుంది. ఇనుప రజను నింపిన డబ్బా గుండా పంపితే అది చాలావరకు పోతుంది, కానీ ఆ రజను ఎప్పటికప్పుడు మార్చే మనిషి కావాలి. మీ పాల కూలరు, పాలు పితికే మిషను, మోటారు, లైట్లు కలిపి నెలకి ఎంత బిల్లు వస్తోందో చూసుకుని అప్పుడు ఆలోచించండి. నా అభిప్రాయం అడిగితే ముందు గ్యాస్‌ని గ్యాస్‌లాగే వాడండి: క్యాన్లు కడగడానికి వేడి నీళ్ళు, దాణా ఉడకబెట్టడం, పనివాళ్ళ ఇళ్ళకి వంట, పక్కనే టిఫిన్ హోటలు ఉంటే దానికి గొట్టం. మంటగా వాడితే పెద్దగా వృథా కాదు, అదే ఇంజనులో కాల్చి కరెంటు తీస్తే ఎక్కువ భాగం వేడిగా పోతుంది.

సిలిండర్లలో నింపడం అన్నది మనసులోంచి తీసేయండి. వంట సిలిండర్‌లో ఉండేది కొద్దిపాటి ఒత్తిడికే ద్రవంగా మారే గ్యాస్. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్, అది మామూలు వేడిమిలో ఎంత నొక్కినా ద్రవం కాదు. బొగ్గుపులుసు వాయువుని వేరు చేసి, చాలా ఎక్కువ ఒత్తిడితో, దానికోసం చేసిన మందపాటి సిలిండర్లలో నింపాలి. అది పెద్ద ప్లాంట్ల పని, అనుమతులు వేరు. పాత సిలిండర్ తెచ్చి కంప్రెసర్‌తో నింపే ప్రయోగం ఎవరైనా చేసి చూపిస్తామంటే వాళ్ళని శాల ఆవరణలోకి కూడా రానివ్వకండి. గ్యాస్ మిగిలితే ఊరికే గాల్లోకి వదలకండి, వెలిగించి కాల్చేయండి. మీథేన్ వందేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది, పైగా ఇళ్ళ మధ్య ప్రమాదం.

ఇక మీకు అసలు తేలాల్సింది ఇది: రోజూ 1,200 లీటర్ల స్లర్రీ వస్తుంది, ఎక్కడ పోస్తారు? ప్లాంటు పెడితే పేడ మాయమైపోతుందని చాలామంది అనుకుంటారు. మాయం కాదు, నీళ్ళు కలిసి రెండింతలై బయటికొస్తుంది. మాగిన స్లర్రీకి పచ్చి పేడంత వాసన ఉండదు, ఈగలూ తగ్గుతాయి, మీ పక్కవాళ్ళతో గొడవలో సగం అక్కడే తీరుతుంది. కానీ మీకు పొలం లేదు. ఆనందపురం వైపు పూల రైతులు, పద్మనాభం వైపు కూరగాయల రైతులు ఉన్నారు, వాళ్ళతో మాట్లాడి ట్యాంకరులో ఎవరు ఎంత తీసుకుంటారో, ట్రిప్పు ఖర్చు ఎవరిదో ప్లాంటుకి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. తీసుకునేవాళ్ళు దొరక్కపోతే ఆకులు, పొట్టు కలిపి కంపోస్టు చేసే చోటైనా ఉండాలి. రెండూ లేకపోతే పేడ గొడవ పోయి స్లర్రీ గొడవ వస్తుంది, అంతే తేడా.

కట్టడం ఏ రకం అనడిగితే, మీరు సముద్రానికి దగ్గర. ఇనుప డ్రమ్ము పైకి తేలే పాత రకం మీ దగ్గర ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఏటా రంగు వేయాలి. ఆ రకమే కావాలనుకుంటే ఫైబర్ డ్రమ్ము తీసుకోండి. షీటుతో చేసిన బెలూన్ ప్లాంట్లు చవక, త్వరగా అమరుతాయి, కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసి వెళ్ళిందో భీమిలి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బెలూన్ పెడితే గాలికి అడ్డుగోడ, పైన వల, గట్టి కట్టు లేకుండా పెట్టకండి. భూమిలో ఇటుక గుమ్మటంగా కట్టే దీనబంధు రకం గాలికి భయపడదు. 1984 ప్రాంతంలో వచ్చిన నమూనా అది, కదిలే భాగాలు లేవు. ఒక్కటే షరతు, గుమ్మటం కట్టే మేస్త్రీ చేయి తిరిగినవాడై ఉండాలి, వెంట్రుకంత పగులు ఉన్నా గ్యాస్ నిలవదు. అతను ఇంతకు ముందు కట్టిన ప్లాంటు ఒకటి ఇప్పటికీ మండుతోందేమో కళ్ళారా చూసి రండి.

ప్రశ్న: అన్నా, మాది అరకు పక్కన. మా సంఘంలో పదిమంది ఆడవాళ్ళం, అందరికీ మూడు నాలుగు పశువులున్నాయి. కట్టెలు తేవడం కష్టంగా ఉంది. ఇక్కడి చలికి గోబర్ గ్యాస్ పనిచేస్తుందా?

జవాబు: చలి ఒక అడ్డంకే చెల్లెమ్మా, కానీ అది రెండో అడ్డంకి. మొదటిది, మీ పశువులు పగలంతా కొండ మీద తిరుగుతాయి, పేడ అక్కడే ఉండిపోతుంది. నాలుగు చిన్న నాటు పశువుల రాత్రి పేడ 20 కిలోలు దాటదు. పదిమందిదీ కలిపి ఒక పెద్ద ప్లాంటు పెట్టుకుందామంటే పేడ ఎవరు మోసుకురావాలి, గ్యాస్ ఎవరింటికి ముందు అన్న పేచీ వస్తుంది. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, శాలలన్నీ ఒకే చోట ఉంటే తప్ప దానికి నేను ఓటు వేయను.

ఇక చలి. లోపలి వేడిమి 30, 35 డిగ్రీలుంటే గ్యాస్ బాగా వస్తుంది, 20 దాటి కిందికి దిగితే తగ్గిపోతుంది, 10 దగ్గర దాదాపు ఆగిపోతుంది. డిసెంబరు, జనవరిల్లో మీ దగ్గరా లంబసింగిలోనూ రాత్రుళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే. మీలో ఎవరికైనా శాలలో కట్టేసే పశువులు అయిదారు ఉంటే వాళ్ళు భూమిలోపలి గుమ్మటం రకమే పెట్టాలి, పైన మట్టి, గడ్డి కప్పాలి, పేడ కలిపే నీళ్ళు ఎండలో నల్ల డ్రమ్ములో వేడెక్కాక మధ్యాహ్నం కలపాలి. అప్పుడు కూడా ఆ రెండు నెలలూ కట్టెల పొయ్యి పక్కన ఉండాల్సిందే. మిగతావాళ్ళకి సిలిండరూ, పొగ తక్కువ వచ్చే మెరుగైన కట్టెల పొయ్యీ మేలు.

ప్రశ్న: సబ్బవరం మండలం. 5,000 గుడ్ల కోళ్ళున్నాయి. కోళ్ళ పెంటతో గ్యాస్ ఇంకా ఎక్కువ వస్తుందట, నిజమేనా?

జవాబు: కిలోకి చూస్తే పేడ కన్నా ఎక్కువే వస్తుంది. మీకు రోజుకి 500 కిలోల దాకా పెంట ఉంటుంది. కానీ అందులో నత్రజని మోతాదు ఎక్కువ, ఒంటరిగా వేస్తే అమ్మోనియా పేరుకుని గ్యాస్ చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పేడతోనో గడ్డి లాంటివాటితోనో కలిపి, నీళ్ళు ఎక్కువ పోసి వేయాలి. గుడ్ల కోళ్ళ దాణాలో వేసే గవ్వల పొడి, సున్నపురాయి ముక్కలు గోతి అడుగున పేరుకుని మెల్లగా చోటు తినేస్తాయి, తీయడం నరకం. కోళ్ళ ఎరువుకి ఇప్పటికే మంచి గిరాకీ ఉండి, రైతులు మీ ఫారం దగ్గరికే వచ్చి కొనుక్కెళ్తుంటే దాన్ని కదపకండి. అమ్ముడుపోని ఎరువు గుట్టలు పడుతుంటేనే ఆలోచించండి. మేకల గురించి కూడా ఒకరు అడిగారు. పెంటికలు గట్టివి, నానబెట్టి నలగ్గొట్టాలి, మంద పగలంతా బయటే. రాత్రిపూట చేలల్లో మంద కట్టించి డబ్బులు తీసుకోవడమే లాభం.

ప్రశ్న: చోడవరం దగ్గర మా ఊళ్ళో తాతగారి కాలంలో కట్టిన గోబర్ గ్యాస్ గుమ్మటం ఉంది. చాలా ఏళ్ళుగా వాడటం లేదు. బాగు చేద్దామని, లోపల పూడిక తీయడానికి ఇద్దరు కూలీల్ని మాట్లాడాం. తర్వాత ఏమేం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ ఇద్దరినీ ఆపండి. మిగతాది తర్వాత.

ఏళ్ళ తరబడి మూసి ఉన్న ఆ గోతిలో ఊపిరి తీసుకునే గాలి ఉండదు. అడుగున బురద కదిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది. వాసన వస్తే తెలుస్తుంది కదా అనుకోవద్దు, అది ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కుకి వాసన తెలిసే శక్తే పోతుంది, మనిషి కేక కూడా వేయకుండా కూలిపోతాడు. వాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. పాడుబడిన బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ముగ్గురు నలుగురు ఒకేసారి పోయారన్న వార్తలు మీరు చదివే ఉంటారు, కారణం ఇదే. బావిలో దిగే ముందు దీపం దించి, ఆరిపోతే గాలి లేదని చూసే అలవాటు మన దగ్గర ఉంది. ఇక్కడ పొరపాటున కూడా ఆ పని చేయకండి, గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. బీడీ కూడా ఆ చుట్టుపక్కల వెలిగించకూడదు. మూతలన్నీ తీసి రోజుల తరబడి వదిలేయండి, నీళ్ళు కొట్టి పూడికని పలచన చేసి స్లర్రీ పంపుతోనో సెప్టిక్ ట్యాంకు బండితోనో బయటి నుంచే లాగించండి. మనిషి దిగక తప్పదంటే గాలి కొలిచే మీటరు, ఊపిరి పరికరం, నడుముకి తాడు, పైన పట్టుకునే మనుషులు ఉన్న శిక్షణ పొందినవాళ్ళే దిగాలి. ఇవేవీ కుదరకపోతే ఆ గుమ్మటాన్ని మర్చిపోవడమే మంచిది.

బాగు చేసి లాభమా అన్నది ఇంకో సంగతి. తాతగారి రోజుల్లో మీ ఇంట్లో దుక్కిటెడ్లు, ఆవులు కలిపి ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని? ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి, వాటితో పేడా పోయింది. చాలా ఊళ్ళల్లో ఇలాంటి గుమ్మటాలు మూతపడటానికి పగుళ్ళ కన్నా ఇదే పెద్ద కారణమని నేననుకుంటున్నాను. పేడ కొని తెచ్చి గ్యాస్ చేసుకుంటే ఎప్పటికీ గిట్టదు. పశువులున్నాయి, పేడ చాలినంత ఉంది అనుకుంటే, శుభ్రం చేశాక నీళ్ళు నింపి ఒక గుర్తు పెట్టండి, రెండు రోజులకి మట్టం దిగితే గోడ కారుతోంది. గుమ్మటం పైన, గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురుగు రాసి చూస్తే బుడగలు వచ్చిన చోట గ్యాస్ పోతోంది. పాత ఇనుప గొట్టం మార్చేయండి, కొత్తది వాలుగా వేయించి, కింద నీరు చేరే చోట తీసేందుకు కుళాయి పెట్టించండి. చాలా ఇళ్ళల్లో గ్యాస్ రావట్లేదు అనే ఫిర్యాదుకి మూలం ఆ గొట్టంలో నిలిచిన నీరే.

ప్రశ్న: సబ్సిడీ ఎంత, ఎవరిని కలవాలి? (దాదాపు అందరూ అడిగారు)

జవాబు: కేంద్రం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమంలో 1 నుంచి 25 ఘనమీటర్ల చిన్న ప్లాంట్లకి సైజుని బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల వరకు సాయం పెట్టారు. ఆ కార్యక్రమం గడువు 2025-26 వరకు, కాబట్టి మీరు వెళ్ళే రోజుకి ఏది అమల్లో ఉందో అడిగి తెలుసుకోండి. మన రాష్ట్రంలో నూతన, పునరుత్పాదక ఇంధనాల సంస్థ, పాతవాళ్ళకి నెడ్‌క్యాప్‌గా తెలిసినది, దీన్ని చూస్తుంది, వాళ్ళ జిల్లా ఆఫీసు విశాఖలో ఉంది. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో కూడా వివరం దొరుకుతుంది. ముందు దరఖాస్తు, మంజూరు, ఆ తర్వాతే గుంత తవ్వించండి. కట్టేశాక వెళ్ళి అడిగితే ఇవ్వాల్సిన పని వాళ్ళకి లేదు. ప్లాంటు అమ్మే ఆయనే సబ్సిడీ నేను చూసుకుంటాను, మీరు సంతకం పెట్టండి చాలు అంటే, ఆ కాగితంలో ఎన్ని ఘనమీటర్లని రాశారో చదివి, మీరు తూచిన పేడ లెక్కతో సరిపోతేనే సంతకం పెట్టండి.